దొడ్డిలో లెక్క సరే, మేసింది ఎవరి చేను?

భారత్, పాకిస్థాన్‌ల మధ్య ఆకాశంలో నిప్పు రాజుకున్నప్పుడల్లా మన దగ్గర ఒకటే ప్రశ్న లేస్తుంది. ఉగ్రవాదం మీద పోరుకని అమెరికా ఇచ్చిన ఎఫ్-16లను పాకిస్థాన్ మన మీదికి ఎలా పంపుతుంది? పంపితే అమెరికా ఎందుకు ఊరుకుంటుంది? 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి మర్నాడు అడిగింది ఇదే. 2022 సెప్టెంబరులో పాకిస్థాన్ ఎఫ్-16ల నిర్వహణకు 45 కోట్ల డాలర్ల ప్యాకేజీకి అమెరికా పచ్చజెండా ఊపినప్పుడు, విదేశాంగ మంత్రి జైశంకర్ వాషింగ్టన్‌లోనే ఎవరిని నమ్మించడానికీ మాటలని నిలదీశారు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగింది. ఆగస్టు 9న బెంగళూరులో వాయుసేనాధిపతి ఏపీ సింగ్ జాకోబాబాద్ స్థావరంలోని ఎఫ్-16 హ్యాంగర్ సగం ధ్వంసమైందని ప్రకటించారు. ఆ విమానాల సంగతి పాకిస్థాన్‌నే అడగండని అమెరికా విదేశాంగ శాఖ ఒక భారతీయ టీవీ సంస్థకు చెప్పినట్టు వార్తలొచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో ఆ విమానాల ఆధునికీకరణకు మరో 68.6 కోట్ల డాలర్ల ప్రతిపాదన అమెరికన్ కాంగ్రెస్ ముందుకు వెళ్లింది.

ఇన్నేళ్లుగా జవాబు దొరకకపోవడానికి అమెరికా కపటం ఒక్కటే కారణమనుకుంటే అసలు విషయం చేజారిపోతుంది. అమెరికా తనిఖీ బృందాలు వెతికేది ఒకటి, మనం అడిగేది మరొకటి.

ఆయుధాలు అమ్మే ప్రతి దేశమూ కొనేవారి చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటుంది. దాన్నే తుది వినియోగదారు ధ్రువపత్రం అంటారు. సరుకు తామే వాడుకుంటామని, అనుమతి లేకుండా మరొకరికి ఇవ్వబోమని, చెప్పిన పనికే వాడతామని అందులో హామీ ఉంటుంది. ఆ హామీని వెళ్లి సరిచూసే యంత్రాంగం మాత్రం కొద్ది దేశాలకే ఉంది. అందులో పెద్దది అమెరికాది. ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికి జరిగే అమ్మకాలను రక్షణ శాఖ ‘గోల్డెన్ సెంట్రీ’ పేరుతో, కంపెనీలు నేరుగా చేసే అమ్మకాలను విదేశాంగ శాఖ ‘బ్లూ లాంటర్న్’ పేరుతో కనిపెట్టి ఉంటాయి. 1996లో ఆయుధ ఎగుమతుల నియంత్రణ చట్టంలో చేర్చిన 40ఎ సెక్షన్ దీనికి పునాది. మామూలు సరుకుకు మామూలు చూపు సరిపోతుంది. ఆమ్రామ్, స్టింగర్ వంటి క్షిపణులకు, రాత్రివేళ చూపునిచ్చే పరికరాలకు మాత్రం ప్రత్యేక నిఘా ఉంటుంది. గిడ్డంగి తలుపు తీయించి, సీరియల్ నంబర్లను ఒక్కొక్కటిగా జాబితాతో సరిపోల్చి, తాళాలు, కాపలా ఎలా ఉన్నాయో రాసుకుంటారు.

పాకిస్థాన్ విషయంలో పట్టు ఇంకా బిగుసుగా ఉంది. 2006లో కొత్త ఎఫ్-16ల ఒప్పందం కుదిరినప్పుడు అమెరికా అధికారులు తమ కాంగ్రెస్‌కు చెప్పిన షరతులు చూస్తే ఇది యుద్ధ విమానమా, బ్యాంకు లాకరా అనిపిస్తుంది. ఈ విమానాలను చైనా తయారీ విమానాలకు దూరంగా ఉంచాలి. కీలక భాగాల దగ్గరికి ఒక్కరే వెళ్లకూడదు, ఇద్దరుండాలి. పాకిస్థాన్ హద్దులు దాటి విన్యాసాలకు తీసుకెళ్లాలంటే ముందుగా అమెరికా అనుమతి కావాలి. లెక్కింపు ఏటా రెండుసార్లు. దీనికోసం అమెరికా సాంకేతిక బృందం పాకిస్థాన్‌లోనే మకాం వేసి ఉంది. 2019 జులైలో ఆ బృందం కొనసాగింపుకు 12.5 కోట్ల డాలర్ల ప్రతిపాదన వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం విదేశీ సాయాన్ని దాదాపు మొత్తంగా స్తంభింపజేసినప్పుడు కూడా ఈ నిఘా ఖాతాలో 39.7 కోట్ల డాలర్లకు మినహాయింపు దొరికింది.

ఇంత నిఘా ఉండీ 2019లో ఏం జరిగింది? ఫిబ్రవరి 28న మన సైన్యం ఢిల్లీలో విలేకరుల ముందు ఒక ఆమ్రామ్ క్షిపణి తునకను పెట్టింది. రాజౌరీ ప్రాంతంలో దొరికిన ఆ ముక్కే, పాకిస్థాన్ ఎఫ్-16లను వాడిందనడానికి మన సాక్ష్యం. పాకిస్థాన్ వాయుసేనలో ఆ క్షిపణిని మోయగలిగేది ఎఫ్-16 ఒక్కటే. మొదట ఎఫ్-16లు వాడనే లేదన్న పాకిస్థాన్ సైనిక ప్రతినిధి, ఏప్రిల్ 1 నాటికి ఏ విమానం వాడామన్నది ముఖ్యం కాదనే దాకా వచ్చారు. మూడు రోజుల తరువాత అమెరికా పత్రిక ‘ఫారిన్ పాలసీ’ ఒక కథనం వేసింది. అమెరికా సిబ్బంది పాకిస్థాన్ ఎఫ్-16లను లెక్కపెట్టారని, ఒక్కటీ తగ్గలేదని దాని సారాంశం. తాము ఒకదాన్ని కూల్చామన్న మన వాయుసేన రాడార్ చిత్రాలు చూపి ఆ కథనాన్ని తోసిపుచ్చింది. పెంటగాన్ మాత్రం తుది వినియోగ ఒప్పందాల వివరాలు బహిరంగంగా మాట్లాడటం తమ విధానం కాదని తప్పుకొంది.

ఈ రగడంతా విమానం కూలిందా లేదా అన్నదాని చుట్టే తిరిగింది. విమానాలను భారత్ మీద వాడటం షరతులకు లోబడి ఉందా లేదా అన్న ప్రశ్న మూలన పడింది. సాయంత్రం గొడ్లు ఇంటికి చేరాక పాలేరు దొడ్డి గేటు దగ్గర నిలబడి తలలు లెక్కపెడతాడు. పొద్దంతా అవి ఎవరి చేలో పడి మేశాయో ఆ లెక్క చెప్పదు. తుది వినియోగ తనిఖీ చాలావరకు ఈ పాలేరు లెక్కే.

అదే ఏడాది ఆగస్టులో రాసిన ఒక లేఖ దీన్ని ఇంకా తేటతెల్లం చేసింది. అప్పటి అమెరికా విదేశాంగ ఉపమంత్రి ఆండ్రియా థామ్సన్ పాకిస్థాన్ వాయుసేనాధిపతికి రాసిన ఆ లేఖ సంగతి డిసెంబరులో అమెరికన్ పత్రికకెక్కింది. ఎఫ్-16లను, ఆమ్రామ్‌లను అనుమతి లేని ముందు వరుస స్థావరాలకు తరలించారన్నది అందులోని అభ్యంతరం. అలా చేస్తే సున్నితమైన సాంకేతికత పరుల చేతిలో పడే ముప్పు ఉందని హెచ్చరిక. విమానాన్ని ఎక్కడ నిలిపారన్నదే అమెరికాకు పట్టింది. ఎవరి మీదికి పంపారన్నది దాని ఫిర్యాదు కాదు.

చట్టంలో ఆ రెండో ప్రశ్నకూ చోటుంది. అమెరికా ఆయుధాలను అంతర్గత భద్రతకు, న్యాయమైన ఆత్మరక్షణకు వాడవచ్చని 1976 నాటి చట్టం చెబుతుంది. గీత దాటితే అధ్యక్షుడు కాంగ్రెస్‌కు తెలియజేయాలి. అయితే ‘ఆత్మరక్షణ’ ఎంత లాగితే అంత సాగే మాట. 1981 జూన్ 7న ఇజ్రాయెల్ తన ఎఫ్-16లతో ఇరాక్‌లోని ఒసిరాక్ అణు రియాక్టర్‌ను కూల్చింది. నిబంధనల ఉల్లంఘన జరిగి ఉండవచ్చని రీగన్ ప్రభుత్వం కాంగ్రెస్‌కు రాసింది, ఇవ్వాల్సిన ఎఫ్-16లను ఆపింది, ఆగస్టులో విడుదల చేసింది. సైప్రస్ మీద 1974లో దండెత్తిన తుర్కియేకు మాత్రం అమెరికన్ కాంగ్రెస్ 1975 నుంచి మూడేళ్లకు పైగా ఆయుధాలు నిలిపేసింది. సూత్రం ఒకటే. శిక్షలో తేడా వచ్చింది సాక్ష్యాల్లో హెచ్చుతగ్గుల వల్ల కాదు. రెండు చోట్లా విమానాలు ఏం చేశాయో అందరికీ తెలుసు.

మనకు ఈ పాఠం అంతకుముందే అందింది. పాకిస్థాన్‌కు సైనిక సాయం మొదలుపెడుతూ 1954 ఫిబ్రవరిలో ఐసన్‌హోవర్ నెహ్రూకు లేఖ రాశారు. ఆ ఆయుధాలను ఎవరి మీదైనా దురాక్రమణకు వాడితే తగిన చర్య తీసుకుంటామన్నారు. 1965లో ప్యాటన్ ట్యాంకులు, సేబర్ జెట్లు మన మీదికే వచ్చాయి. అమెరికా చేసిన పని రెండు దేశాలకూ ఆయుధాలు ఆపడం. కొట్టినవాడికీ, దెబ్బ తిన్నవాడికీ ఒకే జరిమానా అన్నమాట. ఆ ఆంక్ష కూడా పాకిస్థాన్‌ను ఎంతోకాలం ఆపలేకపోయింది. కెనడాలో తయారై, పశ్చిమ జర్మనీ వాయుసేనలో ఎగిరిన 90 సేబర్లను 1966లో ఇరాన్ కొన్నట్టు కాగితాలు తయారయ్యాయి. విమానాలు తేలింది మాత్రం పాకిస్థాన్‌లో. ధ్రువపత్రం మీద ఒక పేరు, విమానం మీద మరో దేశపు గుర్తు. 1971 నవంబరులో తూర్పు పాకిస్థాన్ సరిహద్దులోని బోయ్రా గగనతలంలో మన నాట్ విమానాలు ఎదుర్కొన్న సేబర్లు ఈ కోవకు చెందినవే. తయారీదారు కెనడా, అమ్మినది జర్మనీ, కొన్నది ఇరాన్. ముగ్గురి సంతకాలూ ఉన్నాయి, బాధ్యత ఎవరిదో తేలలేదు.

చిన్న దేశాలు ఈ విషయంలో ఎక్కువ నేర్చుకున్నాయనడానికి స్విట్జర్లాండ్ ఉదాహరణ. ఆ దేశపు పిలాటస్ కంపెనీ 2006లో చాద్‌కు ఒక పీసీ-9 శిక్షణ విమానం అమ్మింది. శిక్షణకే వాడతామని చాద్ రాసిచ్చింది. 2008 జనవరిలో ఆ విమానమే సరిహద్దు దాటి సూడాన్‌లో బాంబులు వేసింది. పిలాటస్ పేరు మనకు కొత్త కాదు. దుండిగల్ వాయుసేన అకాడమీలో కొత్త పైలట్లు మొదట నేర్చుకునేది అదే కంపెనీ పీసీ-7 మార్క్-2 విమానాల మీద. శిక్షణ విమానానికి, దాడి విమానానికి మధ్య దూరం రెక్కల కింద బిగించే కొక్కేలంత. యూఏఈకి అమ్మిన స్విస్ గ్రెనేడ్లు 2012లో సిరియాలో కనిపించాక, స్విట్జర్లాండ్ తన ఎగుమతుల వెంట స్వయంగా వెళ్లి తనిఖీ చేయడం మొదలుపెట్టింది. జర్మనీ 2015లో ఆ దారి పట్టి, చిన్న ఆయుధాలతో ఆరంభించింది. రెంటికీ అమెరికాకున్నట్టు ప్రపంచమంతటా సైనిక కార్యాలయాలు లేవు. అయినా కొన్న దేశం ముందే ఒప్పుకోకపోతే అమ్మకమే లేదన్న నియమం పెట్టుకోగలిగాయి.

పెద్ద యంత్రాంగం ఉన్నచోట పరిస్థితి గొప్పగా లేదు. ఉక్రెయిన్‌కు వెళ్లిన ప్రత్యేక నిఘా ఆయుధాల్లో సుమారు 170 కోట్ల డాలర్ల సరుకుకు గాను 100 కోట్ల డాలర్ల సరుకు లెక్క గడువులోగా పూర్తికాలేదని 2024 జనవరిలో పెంటగాన్ ఇన్‌స్పెక్టర్ జనరలే తేల్చారు. బాంబులు పడుతున్న చోటికి జాబితా పట్టుకుని వెళ్లడం తేలిక కాదన్న వాదనలో న్యాయం ఉంది. యెమెన్ విషయంలో ఆ సాకు కూడా లేదు. 2015 నుంచి 2021 వరకు సౌదీ, యూఏఈలకు కనీసం 5,460 కోట్ల డాలర్ల సైనిక సాయం నడిచింది. యెమెన్ మీద ఆ దేశాల గగనతల దాడుల్లో పౌరులు చనిపోయారు. ఆ దాడుల్లో అమెరికా పరికరాల దుర్వినియోగం మీద విచారణ జరిపామనడానికి విదేశాంగ శాఖ ఆధారం చూపలేకపోయిందని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2022లో రాసింది. గిడ్డంగి లెక్కలు మాత్రం జరుగుతూనే ఉన్నాయి.

రష్యా కూడా ఈ కాగితాన్ని పట్టుకుని వాదించిన సందర్భం ఉంది. అఫ్గానిస్థాన్ వాయుసేన కోసం అమెరికా 2011లో రష్యా నుంచి ఎంఐ-17 హెలికాప్టర్లు కొంది. కాబూల్ పతనమయ్యాక అఫ్గాన్‌కు ఉద్దేశించిన ఎంఐ-17లు కొన్ని ఉక్రెయిన్‌కు చేరాయి. తుది వినియోగదారు ధ్రువపత్రాన్ని అమెరికా ఉల్లంఘించిందని మాస్కో ఫిర్యాదు చేసింది. అవతలి దేశం మీదికి సైన్యాన్ని నడిపించినవారు కాగితపు నియమం గుర్తుచేయడం విడ్డూరమే అయినా, సంతకం పెట్టినవాడు పెద్దన్నే అయినప్పుడు తనిఖీ చేసేదెవరన్న ప్రశ్న అక్కడ నిలిచింది.

కొనుగోలుదారుగా భారత్ ఇదంతా అవతలి గట్టు నుంచి చూసింది. విశాఖ తీరంలో ఉండే ఐఎన్ఎస్ జలాశ్వను 2007లో అమెరికా నుంచి కొన్నాం. దానితోపాటు ఆరు యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు విశాఖలోని ఐఎన్ఎస్ డేగాకు వచ్చాయి. నౌకను దాడికి వాడటం మీద పరిమితులకు, విదేశీ ప్రభుత్వ తనిఖీకి ఒప్పుకున్నారని కాగ్ 2008లో తప్పుపట్టింది. 2009 జులైలో హిల్లరీ క్లింటన్ పర్యటనలో తుది వినియోగ షరతుల పాఠం ఒకటి ఖరారైంది. పార్లమెంటులో దుమారం రేగింది, సార్వభౌమత్వాన్ని తాకట్టు పెట్టారని ప్రతిపక్షం సభ విడిచి వెళ్లింది. ఎప్పుడు, ఎక్కడ చూడాలో పరస్పర అంగీకారంతోనే అని ప్రభుత్వం సర్దిచెప్పింది. ఆనాడు మండిపడ్డ పార్టీ తరువాత అధికారంలోకి వచ్చి అమెరికాతో 2018లో కామ్‌కాసా, 2020లో బెకా అనే సైనిక ఒప్పందాల మీద సంతకాలు చేసింది, 2024 అక్టోబరులో 31 ఎంక్యూ-9బి డ్రోన్లు కొంది. తప్పుపట్టాల్సిన పనేం లేదు. అధికారంలో ఎవరున్నా అమెరికా సరుకు కొంటే అమెరికా షరతులూ వస్తాయి. కొనేవారిని అసలు భయపెట్టేది కూడా తనిఖీ బృందం కాదు, విడిభాగాల పెట్టె. 1998లో పోఖ్రాన్ పరీక్షల తరువాత ఆంక్షల దెబ్బకు మన నౌకాదళపు సీ కింగ్ హెలికాప్టర్లు విడిభాగాల్లేక నేల మీద కూర్చున్నాయి. అందుకు ఏ ఇన్‌స్పెక్టరూ రానక్కరలేకపోయింది.

మనం నీతి చెప్పడానికి వెనకాడాల్సిన ఘట్టాలూ ఉన్నాయి. బ్రిటన్ నుంచి కొన్న ఐలాండర్ గస్తీ విమానాలను దాని అభ్యంతరాన్ని కాదని మయన్మార్ నౌకాదళానికి ఇచ్చాం. ధ్రువ్ హెలికాప్టర్లు కూడా అదే దేశానికి వెళ్లవచ్చన్న వార్తలతో, అందులోని ఐరోపా భాగాల మాటేమిటని 2007లో అక్కడి హక్కుల సంఘాలు గొంతెత్తాయి. స్వీడన్ తయారీ కార్ల్ గుస్తాఫ్ ఆయుధం 2012లో కచిన్ ప్రాంతంలో మయన్మార్ సైన్యం వదిలిన సరుకులో దొరికింది. సీరియల్ నంబరు పట్టుకుని ఆరా తీస్తే అది భారత్‌కు అమ్మినదని తేలింది. పాలేరు లెక్కకు కూడా ఒక్కోసారి దొంగ దొరుకుతాడు.

ఇప్పుడు మనం అమ్మేవాళ్లం అయ్యాం. 2013-14లో రూ.686 కోట్లున్న రక్షణ ఎగుమతులు 2024-25లో రూ.23,622 కోట్లకు చేరాయి. అందులో విమాన భాగాల వాటాలో హైదరాబాద్ పాత్ర తక్కువేం కాదు. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల దేహాలు, సి-130జె విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. ఎఫ్-16ల రెక్కలూ హైదరాబాద్‌లోనే తయారవుతున్నాయి. ఈ వ్యాసం మొదట్లో వేసిన ప్రశ్న ఎంత దగ్గరగా తిరిగొచ్చిందో చూడండి. హెర్మిస్-900 డ్రోన్లను ఇజ్రాయెల్ వెలుపల మొదట తయారుచేసిన ఫ్యాక్టరీ కూడా ఇక్కడిదే. గాజా యుద్ధం నడుస్తుండగా అక్కడి నుంచి ఇజ్రాయెల్‌కు డ్రోన్లు వెళ్లాయని 2024 ఫిబ్రవరిలో పత్రికల్లో వార్తలొచ్చాయి. ఇజ్రాయెల్‌కు ఆయుధ ఎగుమతులు ఆపాలన్న పిటిషన్‌ను ఆ సెప్టెంబరు 9న సుప్రీంకోర్టు కొట్టేసింది, విదేశాంగ విధానం తమ పరిధి కాదంది. న్యాయస్థానం మాట సబబే కావచ్చు. మరి ఎవరి పరిధి?

భాగాల దగ్గరికి వచ్చేసరికి పాత తనిఖీ పద్ధతి చేతులెత్తేస్తుంది. ఎఫ్-35 విడిభాగాలు ప్రపంచమంతటికీ ఉమ్మడి గిడ్డంగుల నుంచి వెళతాయి. వాటిలో ఒకటి నెదర్లాండ్స్‌లోని వూన్స్‌డ్రెక్ట్‌లో ఉంది. అక్కడి నుంచి ఇజ్రాయెల్‌కు భాగాలు పంపడం ఏడు రోజుల్లో ఆపాలని 2024 ఫిబ్రవరి 12న హేగ్ అప్పీలు కోర్టు ఆదేశించింది. ఆ దేశపు సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో, అనుమతిని ఆరు వారాల్లో ప్రభుత్వమే తిరిగి పరిశీలించాలంది. బ్రిటన్ 2024 సెప్టెంబరులో సుమారు 350 అనుమతుల్లో 30 దాకా నిలిపేసి, ఎఫ్-35 ఉమ్మడి భాగాలను మాత్రం మినహాయించింది. ఒక బోల్టు ఏ దేశపు విమానంలో బిగిసిందో తయారీదారుకు తెలియదన్నది దాని వాదన. ఇదే సూత్రం ఎదురు తిరిగినప్పుడు మాత్రం బ్రిటన్‌కు బోల్టులు గుర్తుంటాయి. దక్షిణ కొరియా ఎఫ్ఏ-50 యుద్ధ విమానంలో ఆరు బ్రిటిష్ భాగాలున్నాయన్న కారణంతో 2020లో అర్జెంటీనాకు ఆ అమ్మకం ఆగిపోయింది. అమెరికా ఇంజిను, బ్రిటిష్ సీటు ఉన్న మన తేజస్‌కూ ఆ చిక్కే ఉంది. చివరికి అర్జెంటీనా 2024లో డెన్మార్క్ దగ్గర పాత ఎఫ్-16లు కొనుక్కుంది, అమెరికా ఆశీస్సులతో.

భారత్‌కు చట్టపు చట్రం లేదని అనలేం. ఎగుమతులను నియంత్రించే స్కోమెట్ జాబితా ఉంది, దాని ఆరో విభాగంలో ఆయుధ సామగ్రి ఉంది, అనుమతి ఇచ్చేది రక్షణ ఉత్పత్తుల శాఖ. 2017 డిసెంబరులో ఆయుధ ఎగుమతుల నియంత్రణ కోసం ఏర్పడిన వాసెనార్ బృందంలో చేరాం. ఆయుధ వాణిజ్య ఒప్పందం మీద మాత్రం 2013లో ఓటేయకుండా తప్పుకొని, ఇప్పటికీ సంతకం పెట్టలేదు. అమ్మిన సరుకును వెళ్లి చూసుకునే అనుభవం మనకు అనుకోకుండా ఒకటి దక్కింది. మాల్దీవులకు ఇచ్చిన రెండు ధ్రువ్‌లు, డోర్నియర్ విమానం వెంట మన సైనికులే ఉండేవారు. 2024 మే 10 నాటికి వారిని పంపేసిన ముయిజ్జు ప్రభుత్వం, వారి స్థానంలో మన పౌర సాంకేతిక సిబ్బందిని మాత్రం రానిచ్చింది. యూనిఫాం వేసిన తనిఖీకి రాజకీయ ఆయుష్షు తక్కువ, మరమ్మతు చేసే చేతులకు ఎక్కువ. నిర్వహణ ఒప్పందాన్నే నిఘాగా మలుచుకోవడం మనలాంటి దేశానికి చవకైన దారి.

బ్రహ్మోస్ 2024 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్ చేరింది. రేపు తేజస్, ప్రచండ్ మరో దేశం చేరవచ్చు. అక్కడ అవి ఎవరి మీదికి వెళ్లాయని ఇంకెవరో మనల్ని అడిగే రోజు వస్తుంది. అప్పుడు కొనుగోలుదారునే అడగండని తప్పుకోకుండా ఉండాలంటే అమ్మకపు ఒప్పందంలోనే మూడు విషయాలు రాసుకోవాలి. చూసే హక్కు, విడిభాగాలు ఆపే హక్కు, ఏ వాడకం గీత దాటినట్టో చెప్పే స్పష్టమైన మాట. మొదటి రెండూ అమెరికాకు ఉన్నాయి. మూడోది రాసి ఉన్నా చదవదు.

అమెరికా విదేశాంగ శాఖ బ్లూ లాంటర్న్ తనిఖీలు ఎన్ని చేసిందో, ఎన్నింటిలో తేడా కనిపించిందో ఏటా తన కాంగ్రెస్‌కు నివేదిస్తుంది. స్వీడన్, జర్మనీ ఏ దేశానికి ఎంత విలువైన సరుకుకు అనుమతిచ్చాయో అచ్చేస్తాయి. మన రక్షణ ఉత్పత్తుల శాఖ ఏటా ఏప్రిల్లో ప్రకటించేది మొత్తం కోట్ల అంకె. ఎవరికి ఏం వెళ్లింది, ఎన్ని చోట్లకు వెళ్లి చూశారు అన్న వివరాలతో ఒక వార్షిక నివేదికను ఆ శాఖ పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ముందైనా పెట్టాలి. వచ్చే ఏప్రిల్ అంకెతోపాటే ఆ పని మొదలుపెట్టవచ్చు.